మూఢం దాకా ఆగని పన్ను

క్లారినెట్ మాస్టారు పోయారన్న సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. పోయిన గురువారం రేపల్లెలో, ఆయన బ్యాండు సెట్టులో పెద్ద డ్రమ్ము వాయించే మనిషి దవడ వాచి నా దగ్గరికొచ్చాడు. నోరు తెరవమని అద్దం పెట్టి చూశాను. అద్దం తియ్యగానే అతనన్న మొదటి మాట పన్ను గురించి కాదు. "మాస్టారి ఆదరణ కూటం ఆదివారం చర్చిలో అయిపోయిందండి, మీరు కనపడలేదు" అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారని అందరూ అనుకున్నారు, ఎవరూ చెయ్యలేదు. అతని పన్ను తీసి, దూది పెట్టి, అరగంట ఉమ్మెయ్యొద్దని చెప్పి, లోపలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. బయట పదిమంది ఎదురుచూస్తున్నారు. వాళ్ళందరూ ఆ రోజు నన్ను తిట్టుకునే ఉంటారు.

నాది తెనాలి. పళ్ళ డాక్టర్ని. ఇంటి దగ్గర క్లినిక్ ఉంది, గురువారం మాత్రం పొద్దున్నే రైలెక్కి రేపల్లె వెళ్ళి సాయంత్రం దాకా అక్కడ చూస్తాను. నాకు నోరెక్కువని మా ఇంట్లో ఫిర్యాదు. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని మాట పెగలక కూర్చుని ఉంటే మాట్లాడాల్సింది ఇంకెవరండీ? అలా ఏళ్ళ తరబడి నేను మాట్లాడుతుంటే విన్నవాళ్ళలో మాస్టారు ఒకరు. ఆయన నోరు మూసుకునే ఉన్నప్పుడు కూడా నేనే మాట్లాడాను, అదీ వచ్చిన చిక్కు.

ఆయన ఎప్పుడూ మూఢంలోనే వచ్చేవారు. పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళకి పళ్ళ సంగతి చూసుకునే తీరిక అప్పుడే దొరుకుతుంది. వంటమేస్త్రులు, పందిళ్ళు వేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, మేళగాళ్ళు, అందరూ ముహూర్తాలు ఆగిపోగానే వరసగా దిగుతారు. వాళ్ళ కోసం నా పుస్తకంలో విడిగా ఒక పేజీ పెట్టి, పైన "మూఢం" అని రాసుకునేదాన్ని. ఆ పేజీలో మొదటి పేరు ఈయనది. పుట్టుకతో లూథరన్, ఆదివారం చర్చిలో మూడో బెంచీ దాటి వెనక్కి కూర్చునేవారు కాదట. అయినా గురుమూఢం ఎప్పుడు పడుతుందో, శుక్రమూఢం ఎప్పుడు విడుస్తుందో ఆయన్నడిగితే పంచాంగం తియ్యకుండా చెప్పేవారు. మీ పాస్టరుగారు వింటే ఊరుకుంటారా అని ఏడిపించేదాన్ని. పాస్టరుగారి అబ్బాయి పెళ్ళికి రోజు పెట్టింది కూడా తానేనని, ఆ రోజు ముహూర్తాల్లేక సెట్టు ఖాళీగా ఉందని, నవ్వకుండా చెప్పేవారు.

నవ్వకపోవడం ఆయనకి అలవాటు. మొహం చిరాగ్గా ఉండేదని కాదు. పెదాలు దగ్గరగా పెట్టుకుని కళ్ళతో నవ్వేవారు. ముందు పళ్ళకి గాలి కూడా తగలనివ్వరేమో అనిపించేది. క్లారినెట్ వాయించేవాళ్ళు పై ముందు పళ్ళు రెండింటినీ వాయిద్యం మూతి మీద ఆనించి, కింది పెదవిని కిందనుంచి బిగించి ఊదుతారు. నలభై ఏళ్ళు అలా ఆని ఆని ఆయన పళ్ళ అంచున చిన్న గాట్లు పడ్డాయి. జామకాయ కొరికేవారు కాదు, కత్తితో ముక్కలు కోసుకుని దవడలకి వేసుకునేవారు. చెరుకు గడ నమిలి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదనేవారు. ఇంత భయమేంటండీ అంటే, "ఇవి తినే పళ్ళు కావమ్మా, పని చేసే పళ్ళు" అన్నారు. ఆ మాట తర్వాత నేను చాలామంది దగ్గర వాడుకున్నాను, నాదే అన్నట్టు.

కుర్చీలో పడుకున్నాక ఆయన వేళ్ళు ఊరుకునేవి కాదు. కుర్చీ చేతుల మీద పాట నడిచేది. ఏం పాటండీ అని నేనడగడం, నోట్లో మిషను ఉంది కాబట్టి ఆయన జవాబు చెప్పలేకపోవడం. ఒకసారి పుక్కిలించి ఉమ్మేశాక తీరిగ్గా చెప్పారు, అది చావు పాటని, నా మిషను శ్రుతికి అదే కుదిరిందని. మా నర్సమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. ఎండాకాలంలో వచ్చారంటే ముంజలు తెచ్చేవారు. తాటాకు చుట్టలో పెట్టి, నీళ్ళు కారకుండా, బ్యాండు వాళ్ళ ఎర్ర కోటుకి తగలకుండా చెయ్యి దూరంగా పట్టుకుని నడిచొచ్చేవారు.

మూడేళ్ళ కిందట మాఘమాసంలో, ముహూర్తాలు దండిగా ఉన్న రోజుల్లో, పిలవకుండా వచ్చారు. అప్పుడే నాకు తెలియాల్సింది. సీజన్లో ఆ మనిషి పళ్ళ డాక్టరు దగ్గరికి రావడం అంటే మామూలు సంగతి కాదు.

ఎడమ ముందు పన్ను మీద చిన్న గులాబీ మచ్చ. నొప్పి లేదు, జివ్వుమనడం లేదు. వాళ్ళావిడ చూసి, తాంబూలం మరకనుకుని, ఏ పెళ్ళిలో వేసుకొచ్చావని నిలదీసిందట. ఆయన జన్మలో ఆకు వక్క ముట్టలేదు. మచ్చని చూడగానే నాకు అర్థమైంది. ఎక్స్‌రే తీస్తే ఇంకొంచెం ఎక్కువే అర్థమైంది. ఎడమ పన్ను లోపల, నరం ఉండే చోట, పన్ను కరిగిపోయి గుండ్రంగా గది పడింది. పైపొర పల్చబడి లోపలి ఎరుపు బయటికి కనపడుతోంది. పక్కనున్న కుడి పన్నుది ఇంకో కథ. పైకి ముత్యంలా ఉంది గానీ వేరు బయటి వైపు నుంచి కరిగి సగానికి వచ్చింది. ఒకటి లోపలి నుంచి, ఒకటి బయటి నుంచి. పుస్తకాల్లో దీనికి రిసార్ప్షన్ అని పేరు. ఒకే మనిషికి పక్కపక్క పళ్ళలో రెండూ ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాను. ఏళ్ళ కిందట చేబ్రోలులో పెళ్ళి ఊరేగింపులో ఎవరో కుర్రాడు చిందులేస్తూ మోచేత్తో క్లారినెట్‌ని గుద్దాడట. నోట్లో నెత్తురు ఊరుతుంటే మింగుతూ పాట పూర్తి చేశారట. "కుర్రాడు బానే ఆడాడమ్మా, తాళం తప్పలేదు" అన్నారు.

పురుగు తిన్నదా అని ఆయన అడిగితే కాదన్నాను. చిన్నప్పుడు పాలపళ్ళు ఊడటానికి ఒళ్ళే వాటి వేళ్ళని కరిగిస్తుందని, దెబ్బ తిన్న పన్ను మీద అదే పని వేళ కాని వేళ మొదలుపెట్టిందని చెప్పాను. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"మన ఒళ్ళే తింటుందా? మనకి నొప్పి తెలియకుండా?"

"నొప్పి ఉండదండి. అదే దీంతో బాధ. తెలిసేసరికి లోపలంతా అయిపోతుంది."

కుర్చీ చేతుల మీద వేళ్ళు ఆగిపోయాయి. "మా ఇంటావిడకీ నొప్పి లేదమ్మా. గుంటూరులో ఇదే అన్నారు" అన్నారు.

నేను విన్నాను. వినలేదని అబద్ధం చెప్పను. పెన్ను కోసం బల్ల మీద వెతుకుతూ, అశ్రద్ధ చెయ్యకుండా చూపించుకోమనండి అని, అందరికీ చెప్పినట్టే చెప్పి, వైద్యం ఎప్పుడు మొదలుపెడదామని అడిగాను. ఆమెకి ఏమైందని అడగలేదు.

ఆ పన్నుకి ఆ రోజే రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. అది డెంటల్ కాలేజీలో మూడో ఏడు చదివే పిల్లలకి కూడా తెలుసు. కానీ పన్ను తెరిస్తే నెల రోజులు వాయించకూడదు, మధ్యలో విరిగిపోతుంది. నెల రోజులు అనగానే ఆయన మొహం మారింది. మూఢం ఎనిమిది వారాల్లో ఉందని, అప్పటిదాకా సెట్టు ఊళ్ళన్నీ తిరగాలని, క్లారినెట్ లేకపోతే మిగతా ఆరుగురూ ఇంట్లో కూర్చోవాలని చెప్పారు. తర్వాత నన్ను సూటిగా చూసి, "వేసవి దాకా ఈ పన్ను ఆగుతుందామ్మా?" అని అడిగారు.

"ఆగుతుందిలెండి. మూఢంలో చేద్దాం" అన్నాను.

ఏం చూసుకుని అన్నానో ఈనాటికీ తెలియదు. మేళగాళ్ళంటే మూఢం, మూఢం అంటే ఆ పేజీ. చెయ్యి దానంతటదే పుస్తకం తిప్పి పేరు రాసింది. వేసవి అని ఆయన ఎందుకన్నారో, మూఢం అని ఎందుకనలేదో, ఆ తేడా నాకు పట్టలేదు.

ఐదు వారాలు కాకుండానే పన్ను విరిగింది. శనివారం మధ్యాహ్నం తెనాలి క్లినిక్‌లో తల ఎత్తి చూస్తే, చంటిపిల్లల తల్లుల మధ్య బెంచీ మీద జరీ అంచు ఎర్ర కోటుతో ఆయన కూర్చుని ఉన్నారు. బాపట్లలో పెళ్ళికొడుకుని ఎదురుకుంటున్నప్పుడు పాట మధ్యలో శబ్దం చీలిందట. ఊదే మూతికి కట్టే రీడు చిట్లిందనుకుని తీసి చూసుకున్నారట, రీడు బాగానే ఉంది. అప్పుడు నాలిక్కి తగిలిందట. ట్రంపెట్ అతను పాట అందుకున్నాడు. ఈయన పక్కకి తప్పుకుని, నేల మీద వెతికి ముక్క ఏరుకుని, రుమాల్లో కట్టుకుని, రైలెక్కి నేరుగా వచ్చేశారు. ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుంటే గుడ్డు పెంకంత పల్చగా ఉంది.

మళ్ళీ అతికించడానికి వీలవుతుందా అని అడిగారు. అతికించడానికి లోపల ఏమీ మిగల్లేదు. పక్క పన్ను ఆసరాతో కట్టుడు పన్ను పెడదామంటే ఆ పక్కది వేరు సగం కరిగినది. ఎముకలో స్క్రూ వేసి పన్ను బిగిస్తే వాయించవచ్చు గానీ అన్నీ కుదిరేసరికి ఆరేడు నెలలు పడుతుంది. ఇదంతా నేను గడగడా చెప్పుకుపోయాను.

"అన్ని నెలలు లేవమ్మా" అన్నారాయన.

దానికి నేనన్న మాట ఇది. "సీజన్ ఎక్కడికి పోతుందండీ మాస్టారూ, వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. అవునండి, అన్నారు. చంటిపిల్ల తల్లికి దారిచ్చి బయటికి వెళ్ళారు.

అంగిలికి ఆనే ప్లేటుతో, పెట్టి తీసే ప్లాస్టిక్ పన్ను ఒకటి చేయించి ఆ తర్వాతి గురువారం రేపల్లెలో ఇచ్చాను. చూడ్డానికి బాగానే ఉంది. క్లారినెట్ పెట్టి ఊదితే మాత్రం ప్లేటు జారి బాతు అరిచినట్టు అరిచింది. నేను నవ్వాను, నర్సమ్మ నవ్వింది, ఆయనా కళ్ళతో నవ్వారు. సరిచేస్తాను రండి అన్నాను. ఆ పై గురువారం ఆయన రాలేదు. ఇల్లు చర్చి వెనక రెండో సందే అని నర్సమ్మ చెబితే, సరిచేసిన ప్లేటు పట్టుకుని నేనే బయల్దేరాను. మంచిపని చేస్తున్నానని లోపల కొంచెం గర్వం కూడా.

గాలి కోసం మంచం గుమ్మానికి దగ్గరగా వేశారు. దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నంత సన్నగా వాళ్ళావిడ. చిన్నప్పుడు వేటపాలెంలో జీడిపప్పు ఒలిచిన చేతులట, ఇన్నేళ్ళయినా వేళ్ళ చివర్ల జీడి నలుపు పోలేదు. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మాస్టారు లోపలి గుమ్మంలో నిలబడ్డారు.

"పన్ను బాగు చేశారంట కదమ్మా, చెప్పారు" అంది.

నేను తలెత్తి చూశాను. ఆయన ఏ సైగా చెయ్యలేదు, ఊరికే నన్ను చూస్తున్నారు. బాగైందండి అన్నాను.

"ఊళ్ళో పోయినవాళ్ళందరి పెట్టెల ముందూ వాయించుకుంటూ నడిచారు ఈయన. నా పెట్టె ముందు కూడా ఈయనే నడవాలన్నాను. ఇంకెవర్నో పిలిపిస్తే నేను లేచొస్తానన్నాను. ఒప్పుకున్నారమ్మా. ఇంక నాకు దేని గురించీ బెంగ లేదు."

సందు చివరిదాకా ఆయన నాతో వచ్చారు. గుంటూరులో ఎన్నాళ్ళన్నారని అప్పుడు అడిగాను. వేసవి దాటదని మాఘంలోనే చెప్పారట. ఆ చెప్పిన వారంలోనే ఆయన నా దగ్గరికొచ్చి, పన్ను వేసవి దాకా ఆగుతుందా అని అడిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ముందే చెప్పొచ్చు కదండీ అన్నాను. అప్పుడు కూడా తప్పు ఆయన మీదికే నెట్టాను. పన్ను కోసం వచ్చినవాణ్ణి, ఇంటి సంగతులు మీకెందుకని ఊరుకున్నానమ్మా అన్నారు.

తర్వాత ఐదు గురువారాలు మాకు అదే పని. మిగతా పేషెంట్లని మధ్యాహ్నానికే ముగించి, ఒంటిగంట నుంచి రైలు వేళ దాకా, ప్లేటు అరగదీయడం, మళ్ళీ పూత వెయ్యడం, వెనక మందం పెంచడం, క్లారినెట్ మూతి ఆనడానికి గాడి చెయ్యడం. నాలుగు ప్లేట్లు మార్చాను. బరువు పన్ను మీద పడకుండా పై పెదవిని కూడా లోపలికి మడిచి ఊదే పద్ధతి ఒకటుందని, పాత మాస్టర్లు చేసేవారని ఆయన ప్రయత్నించారు. పెదవి లోపల తెగింది. దూది పెట్టుకుని మళ్ళీ ఊదేవారు. ఇవాళ్టికి చాలండీ అంటే, ఇంకొక్కసారమ్మా అని చిన్నపిల్లాడిలా వేలు చూపించేవారు. అన్నేళ్ళ పనివాడు సరిగమలు కూడా పలకక చెమటలు కక్కుతుంటే చూడలేక నేను సామాన్లు కడిగే వంకతో అటు తిరిగేదాన్ని.

ఐదో గురువారం, నాలుగో ప్లేటుతో, ఒక వరస వచ్చింది. చర్చిలో భూస్థాపనకి పాడే పాట, మొదటి చరణం, సన్నగా, ఎక్కడా విరక్కుండా. బయట వరండాలో మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. చరణం అయ్యాక ఆయన క్లారినెట్ దించి, మొదటిసారి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వారు. నాలుగు రకాల ప్లాస్టిక్కు, తెగిన పెదవి, ఆ నవ్వు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

ఆవిడ ఆ పై బుధవారం పోయింది. గురువారం రైలు దిగేసరికి నర్సమ్మ స్టేషన్లో నిలబడి ఉంది.

పెట్టె చర్చిలోంచి బయటికొచ్చేసరికి ఎండ దంచేస్తోంది. సెట్టంతా ఎర్ర కోట్లలో ఉంది. పెట్టె ముందు ఆయన. క్లారినెట్ నోట్లో పెట్టుకున్నారు. ఊదారు. గాలి చప్పుడు వచ్చింది. మళ్ళీ ఊదారు. గాలే. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి పెదాల మీదికొస్తున్నాయి, గడ్డం వణుకుతోంది. నాలుగు ప్లేట్లు చేశాను గానీ, ఏడుస్తున్న నోట్లో ఏ పన్నూ నిలవదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. పెట్టె కదిలింది, ఆయన నడిచారు. వేళ్ళు మాత్రం పాటలోనే ఉన్నాయి. ఒక్కొక్క స్వరానికీ లేస్తూ, వాలుతూ, చరణం దగ్గర ఆగి మళ్ళీ అందుకుంటూ. వినపడేదేమైనా ఉంటే వినపడనీ అని డ్రమ్ము అతను పుల్లలు వదిలేసి అరచేత్తో మెల్లగా తట్టాడు. ట్రంపెట్ అతను అసలు వాయించనే లేదు. మెయిన్ రోడ్డు దాటి, పెనుమూడి బస్సు ఒకటి ఆగి దారిస్తే, సమాధుల తోట గేటు దాకా అలాగే నడిచాం. పాటలోని చరణాలన్నీ ఆ చప్పుడు లేని క్లారినెట్‌లోనే అయిపోయాయి.

మన్ను వేశాక జనం పలచబడ్డారు. నేను గోడ పక్కన నిలబడితే ఆయనే నా దగ్గరికొచ్చారు. పై పెదవి వాచిపోయి ఉంది.

"సౌండు వచ్చిందామ్మా? నాకైతే లోపల వినపడుతూనే ఉంది. బయటికొచ్చిందో లేదో తెలియలేదు."

పేషెంటుకి అబద్ధం చెప్పకూడదని నా నియమం. "వచ్చిందండి మాస్టారూ. పాట మొత్తం వినపడింది" అన్నాను.

ఆయన మన్ను అంటిన చెయ్యి కోటుకి తుడుచుకుని నా భుజం మీద వేశారు.

"మీరు పెట్టిన పన్ను కదమ్మా, రాకపోతే ఎలా? మీరు బాధపడకండి."

భార్యని మట్టిలో పెట్టి పావుగంట కాలేదు, ఆయన నన్ను ఓదారుస్తున్నారు. ఆ రోజే వైద్యం మొదలుపెట్టాల్సిన పన్నుని నేను వాయిదా వేశానని, తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. నేను తలూపాను. ఆ తర్వాత మూడేళ్ళలో ఆయన ఎన్ని గురువారాలు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారో. అన్ని గురువారాలూ నేను ఏవేవో కబుర్లు చెప్పాను.